వేసవి రాత్రికి పొయ్యి మీద ఒక్కటే గిన్నె

అడిగింది ఇది: "ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి అమలాపురం బదిలీ అయి వచ్చాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. ఇంటికి చేరేసరికి ఏడు దాటుతుంది. ఈ ఉక్కలో వంటింట్లో గంటసేపు నిలబడటం నావల్ల కావట్లేదు. అరగంటలో అయిపోయి, పొట్టకి బరువు కాకుండా, ఇక్కడ పండేవాటితోనే రాత్రికి ఏం వండుకోవచ్చు? అత్తగారికి షుగరు, రాత్రి అన్నం తినరు. పిల్లలిద్దరూ కూరగాయ అంటే మొహం తిప్పేస్తారు. ఈ మే నెలలో ఆకుకూరల ధర కూడా మండిపోతోంది, ఎందుకో తెలియదు."

అమ్మా, నేను రావులపాలెం దగ్గర ఒక కాలేజీ పక్కన ఇరవై రెండేళ్ళు మెస్ నడిపాను. మా ఆయన గోదారి మధ్య లంక దిబ్బలో కూరగాయలు వేస్తారు. అందుకని పొయ్యి దగ్గర బాధా తెలుసు, పాదు దగ్గర బాధా తెలుసు.

హైదరాబాదు ఎండ మాడుస్తుంది, మన ఎండ ఉడకబెడుతుంది. ఇక్కడ గాలిలో తడి ఎక్కువ, ఒంటి మీద చెమట ఆరదు. అలాంటి గాలిలో రెండు బర్నర్లు గంటసేపు వెలిగిస్తే రాత్రి పదింటికి కూడా ఆ గది చల్లబడదు. కూర, పప్పు, చారు, పచ్చడి అన్నీ ఉండాలనే పట్టుదల ఈ మే నెల అయ్యేదాకా పక్కన పెట్టండి. మెస్‌లో నాది ఒకటే రూలు: రాత్రి పొయ్యి మీదకి ఒక్క గిన్నె ఎక్కాలి. దాని పక్కన వచ్చేది పచ్చిదైనా కావాలి, పెరుగుతో చేసిందైనా కావాలి. నలభై మంది కుర్రాళ్ళకి అలాగే పెట్టాను, ఒక్కడూ వంక పెట్టలేదు. (పెట్టారు, ఆదివారం కోడికూర లేకపోతే పెట్టారు.)

ఆకుకూరల సంగతి చెప్పేస్తాను. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఈ సీమ తిండి అంతా కాలవల లెక్కనే నడుస్తోంది. దాళ్వా, అంటే రబీ వరి, కోతకి వచ్చాక ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు, మరమ్మతులు చేసుకుని మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదులుతారు. ఈ మధ్యలో లంకల్లో బోరు నీళ్ళ మీద పండిందే కూర. కొత్తిమీర, పాలకూర ఈ ఎండకి నిలబడవు, నిలబెట్టాలంటే రెండు పూటలా తడపాలి. ఆ ఖర్చంతా మీ కట్టలో కనిపిస్తోంది. తోటకూర, గోంగూర, బచ్చలి కొంచెం తట్టుకుంటాయి. నిజంగా విరగకాసేవి తీగ పాదులు: బీర, ఆనప, పొట్ల, దోస. వాటితోపాటు వంకాయ, బొంత అరటికాయ, మామిడికాయ, కొబ్బరి. వీటిలో సగానికి పైగా ఒంటినిండా నీళ్ళున్న కాయలే. ఎండాకాలం రాత్రికి ఇంతకన్నా ఏం కావాలి? కొత్తిమీర కట్ట కోసం ముప్పై రూపాయలు పెట్టకండి, పెరట్లో కరివేపాకు ఉంటే చాలు.

ఇప్పుడు ఆ ఒక్క గిన్నె. నా మాట విని మొదటి రోజు ఉప్పుడు పిండి చేయండి. పేరు చూసి భయపడకండి, ఇది బియ్యపు రవ్వతో చేసేది. మా అమ్మమ్మల కాలంలో శనివారం రాత్రి ఫలహారం అంటే ఇదే. అత్తగారు కాక మీ నలుగురికి గ్లాసున్నర రవ్వ చాలు. రవ్వకి రెట్టింపు నీళ్ళు, అంటే మూడు గ్లాసులు. పాత బియ్యమైతే ఇంకో పావు గ్లాసు పట్టవచ్చు. రవ్వ బయట కొనకుండా ఆదివారం పూట ఇంట్లో పాత స్వర్ణ బియ్యం మిక్సీలో రెండు తిప్పులు తిప్పి, జల్లించి, పిండి తీసేసి డబ్బాలో పోసుకోండి. ఆ పిండి ఉండిపోతే ఉప్పుడు పిండి కాస్తా జావ అవుతుంది. మొదటిసారి చేసినవాళ్ళందరూ బోల్తా పడేది అక్కడే.

ఇంటికి రాగానే, చెప్పులు విప్పగానే, గుప్పెడు పెసరపప్పు నీళ్ళలో వేసి అప్పుడు స్నానానికి వెళ్ళండి. మీరు వచ్చేసరికి అది నానుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో, ఇనప మూకుడైతే మరీ మంచిది, రెండు చెంచాల పప్పునూనె పోయండి. (ఇక్కడ పప్పునూనె అంటే నువ్వులనూనె. మా మెస్‌కి కొత్తగా వచ్చిన వంటమనిషి కందిపప్పు నుంచి తీసింది అనుకున్నాడు.) మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ, రెండు రెబ్బలు కరివేపాకు. పోపు ఎర్రబడ్డాక నీళ్ళు పోసి ఉప్పు వేయండి. నీళ్ళు తెర్లేటప్పుడు నానిన పెసరపప్పు వేసి, రెండు నిమిషాలాగి రవ్వని ఒక చేత్తో జారవిడుస్తూ రెండో చేత్తో కలపండి. మంట బాగా తగ్గించి మూత పెట్టేయండి. ఇక గరిటె ముట్టుకోవద్దు. పావుగంటలో అవుతుంది. కట్టేశాక ఇంకో ఐదు నిమిషాలు మూత తీయకండి. అడుగున ఎర్రగా అట్టులా ఒక చెక్క కడుతుంది, దాని కోసం మా ఇంట్లో అన్నదమ్ములు కొట్టుకునేవారు. మీ పిల్లలు కూడా కొట్టుకుంటారు, చూడండి.

ఆ పావుగంటలో మీరు పొయ్యి దగ్గర ఉండనక్కర్లేదు, ఫ్యాన్ కింద కూర్చుని కొబ్బరి మామిడికాయ పచ్చడికి సరంజామా చేసుకోండి. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే కోనసీమలో ఉండి ఇది సరిగ్గా చేయకపోతే అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కన కాపురం ఉండీ వృథా.

అరచిప్ప కొబ్బరికి చిన్న మామిడికాయలో సగం. ఇది అచ్చు లెక్క కాదు. ముందు మామిడి ముక్క ఒకటి నోట్లో వేసుకోండి. పళ్ళు జివ్వుమంటే పావు కాయ చాలు, కలెక్టర్ కాయలాంటి తక్కువ పులుపు రకమైతే సగానికి మించి కూడా పడుతుంది. మామిడికాయ ఉంది కాబట్టి చింతపండు జోలికి వెళ్ళకండి. పోపులో మినప్పప్పు, ఆవాలు, నాలుగు మెంతిగింజలు, ఎండుమిర్చి, ఇంగువ. వేయించి చల్లారనిచ్చి ముందు ఆ పోపు మాత్రం ఉప్పుతో పొడి చేయండి. తర్వాత మామిడి ముక్కలు, చివర్న కొబ్బరి, రెండు పచ్చిమిర్చి. మిక్సీని ఆపి ఆపి తిప్పండి, ఏకబిగిన తిప్పితే వేడెక్కి కొబ్బరి నూనె విడుస్తుంది, పచ్చడి జిడ్డుగా తయారవుతుంది. పంటికింద కొబ్బరి తగలాలి, మెత్తగా ఇడ్లీ చట్నీలా ఉండకూడదు. రోలుంటే రోట్లో దంచండి. నాకు ఓపిక ఉన్నన్నాళ్ళు రోలే, ఇప్పుడు మిక్సీయే.

ఒక్క జాగ్రత్త. పచ్చి కొబ్బరి పచ్చడి ఈ ఉక్కలో నాలుగు గంటలు కూడా నిలవదు. ఓ ఏడాది మే నెలలో, రాత్రి తేలికవుతుందని, సాయంత్రం నాలుగింటికే నలభై మందికి పచ్చడి రుబ్బి మూతపెట్టాను. కరెంటు పోయింది, ఫ్రిజ్ ఆగింది. ఎనిమిదింటికి మూత తీస్తే పైన సన్నటి నురగ, పులిసిన వాసన. మొత్తం పెంట మీద పారబోశాను. ఆ రాత్రి కుర్రాళ్ళందరూ ఆవకాయతో సరిపెట్టుకున్నారు. కొబ్బరి పచ్చడి తినబోయే ముందే చేయాలి, మిగిలింది రేపటికి దాచకూడదు. పొద్దున్న వండిన అన్నం కూడా ఇంతే. బియ్యంలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవు, గిన్నె రోజంతా గట్టు మీద ఉంటే మేల్కొని విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. పొద్దుటి అన్నం రాత్రికి వాడుకోవాలంటే గంట, గంటన్నరలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. "మా నాన్నమ్మ చద్దన్నం తినేది కదా" అంటారేమో. ఆవిడ రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళూ మజ్జిగా పోసి పులియబెట్టి పొద్దున్నే తినేది. పొడి అన్నం గిన్నెలో వదిలేయడం దానికి సాటి రాదు.

రెండో రోజుకి మజ్జిగ పులుసు. హైదరాబాదులో మీరు సొరకాయ అనే కాయే ఇక్కడ ఆనపకాయ. లేతది, అరకిలో చాలు. తొక్క తీసి, వండే ముందు ఒక పచ్చి ముక్క తప్పకుండా కొరికి చూడండి. చేదు తగిలితే కాయ మొత్తం పారేయండి, డబ్బులు పోయాయని చూడకండి. తీగ కాయల్లో ఒక్కోసారి కుకుర్బిటసిన్ అనే చేదు పదార్థం ఎక్కువగా తయారవుతుంది. వండినా విరగదు, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటాయి, మనిషిని ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది. బీర, దోస కూడా అంతే. కాకర ఒక్కదాని చేదు వేరు, దాన్ని మనం ఎరిగే తింటాం.

ముక్కలు చిన్నవిగా కోసి, మునిగీ మునగనన్ని నీళ్ళలో పసుపు, ఉప్పు వేసి మూతపెడితే ఎనిమిది నిమిషాల్లో ఉడుకుతాయి. ఈలోపు రెండు చెంచాల సెనగపిండి, చిన్న అల్లం ముక్క, మూడు పచ్చిమిర్చి, కొంచెం కొబ్బరి రుబ్బి, రెండు గ్లాసుల పుల్లటి మజ్జిగలో కలిపి చిలకండి. ముక్కలు ఉడికాక మంట తగ్గించి ఇది పోయండి. ఇక కలుపుతూనే ఉండాలి. అంచుల్లో నురగ లేస్తుంది, అంతే, దించేయండి. తెర్లనిస్తే విరిగిపోతుంది. సెనగపిండి ఉన్నా మరీ కాగితే అది కూడా కాపాడలేదు. పైన ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి పోపు. ఇందులో ఊర మిరపకాయలు నంజుకుంటే ఇంకో కూర అడిగేవాడు లేడు. వీటిని చల్ల మిరపకాయలనీ అంటారు. వేయించేటప్పుడు కిటికీలు తీయండి, ఘాటుకి ఇరుగుపొరుగు కూడా దగ్గుతారు.

పుల్లటి మజ్జిగ ఎక్కడ్నుంచి తేవాలని వెతకనక్కర్లేదు. ఈ కాలంలో రాత్రి తోడేసిన పెరుగు మర్నాడు సాయంత్రానికి దానంతటదే పులుస్తుంది. పిల్లల పెరుగన్నానికి మాత్రం పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేముందు విడిగా చిన్న గిన్నెలో, తోడు సగానికి తగ్గించి వేయండి. మధ్యాహ్నం అత్తగారిని ఫ్రిజ్‌లో పెట్టమనండి. తియ్యగా ఉంటుంది.

వంకాయ పచ్చిపులుసు ఇంకా సులువు: రెండు పెద్ద వంకాయలకి నూనె రాసి గ్యాస్ మీద కాల్చి, తొక్క తీసి మెదిపి, పల్చటి చింతపండు రసం, సన్నగా తరిగిన ఉల్లి, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క. పోపు ఇష్టమైతే పెట్టండి. దోసకాయ ముక్కల పచ్చడికి అసలు మంటే అక్కర్లేదు, పచ్చి ముక్కల్లో ఆవపిండి, ఉప్పు, కారం, కొంచెం పప్పునూనె కలిపి పావుగంట ఆగితే చాలు. అదే ఊటలో ఊరుతుంది.

మామిడికాయ పప్పు చేసుకుంటే ఒక్క మాట. కందిపప్పుతోపాటే మామిడి ముక్కలు కుక్కర్లో పడేస్తే పులుపుకి పప్పు బిరుసెక్కి సరిగ్గా మెదగదు. మా మెస్‌లో మూడు కూతలు ఎక్కువ వేసి గ్యాస్ తగలేసేవాళ్ళు దీనివల్లే. పప్పు ఉడికాకే మామిడి వేసి ఐదు నిమిషాలు ఉంచండి. రాత్రికైతే కంది కన్నా పెసరపప్పు మేలు, నానకపోయినా పావుగంటలో మెదుగుతుంది.

అత్తగారి సంగతి. చాలా ఇళ్ళలో చూస్తాను, షుగరుకి అన్నం మానేసి దాని బదులు ఉప్పుడు పిండో, బియ్యపు రవ్వ ఉప్మానో రెండు ప్లేట్లు పెడతారు. బియ్యాన్ని పగలగొడితే బియ్యం కాకుండా పోతుందా అమ్మా? ఆవిడకి ఉప్పుడు పిండి నాలుగు చెంచాలు రుచికి పెట్టండి, కడుపుకి పెసరట్టు పెట్టండి. పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ గ్లాసు పొట్టు పెసలు నీళ్ళలో పోసి వెళ్ళండి. మధ్యాహ్నానికి నానతాయి, అప్పుడు ఆవిడ నీళ్ళు వంపేసి ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రం మీరు అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి రుబ్బడమే. పెసరట్టు పిండి పులియనక్కర్లేదు, రుబ్బిన వెంటనే పోయవచ్చు. ఆ రోజు పొయ్యి మీద గిన్నె బదులు పెనం ఎక్కుతుంది, మిగతావాళ్ళు కూడా అవే తినండి, ఆవిడకొకటి మీకొకటి వండకండి. పక్కన పెరుగు పచ్చడి, ఆనపకాయతోనో కీరాతోనో. మాత్రలు వేసుకుంటుంటే ఎంత తినాలో డాక్టర్‌ని అడగండి. రాత్రి ఉన్నట్టుండి బాగా తగ్గించేస్తే షుగర్ పడిపోయే మందులు కూడా ఉంటాయి.

పిల్లలకి కూరగాయ కనపడకుండా పెట్టాలంటే ఈ పెసరట్టు పిండే మార్గం. గుప్పెడు ఆనపకాయ కోరు పిండిలో కలిపేయండి, అట్టు మెత్తగా వస్తుంది, ఎవరికీ తెలియదు. మా మనవడికి ఆరేళ్ళ వరకూ ఆనపకాయ తిన్నానని తెలియదు. బీరకాయని మాత్రం ఇలా దాచకండి, నీళ్ళు ఊరి అట్టు పెనానికి అతుక్కుంటుంది. ఇంకేమీ తినని రోజున పెరుగన్నంలో మామిడిపండు. రసం రకాలు దొరికినన్నాళ్ళూ చెరుకు రసమో, కొత్తపల్లి కొబ్బరో పిసికి పెరుగన్నంలో కలిపి పెడితే ఏ పిల్లాడూ కాదనడు. పండ్లు తినేముందు అరగంట నీళ్ళ బకెట్లో వేయండి. మామిడి లేని రోజు చక్కెరకేళి.

మీరు మాంసాహారులో కాదో రాయలేదు. తినేవాళ్ళే అయితే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరపడవల వేట నిషేధం. ఈ రోజుల్లో మార్కెట్లో "ఇప్పుడే పడిన సముద్రం చేప" అని ఎవరైనా బల్ల గుద్దితే ఒకటికి రెండుసార్లు మొప్పలు ఎత్తి చూడండి. పులస అని చెబితే చూడను కూడా చూడకండి, అది వరద గోదారికి ఎదురెక్కే చేప, వానలు పడాలి. ఈ కాలానికి చెరువు రొయ్యలు నయం. బీరకాయ రొయ్యలు పావుగంట వంట: ఉల్లి, పచ్చిమిర్చి వేగాక శుభ్రం చేసిన రొయ్యల్ని ముందు మూడు నిమిషాలు వేయించి పక్కకి తీసేయండి. అదే మూకుట్లో బీరకాయ ముక్కలు వేసి మూత పెడితే అందులోంచి వచ్చే నీళ్ళతోనే ఉడుకుతాయి, నీళ్ళు పోయకూడదు. దించేముందు రొయ్యలు కలపండి. మొదటి నుంచీ కలిపి ఉడికిస్తే రొయ్య రబ్బరవుతుంది. ఎండు మెత్తళ్ళు (చిన్న ఎండుచేపలు) మామిడికాయ నాకు ప్రాణం, కానీ రాత్రి వద్దు. ఆ ఉప్పుకి తెల్లవార్లూ దాహమే.

ఇక కొనడం. సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చేటప్పుడు కొనే కాయ పొద్దుటి నుంచీ ఎండలో ఉన్న కాయ, తేలిపోయి ఉంటుంది. ఆదివారం పొద్దున్న ఆరున్నరకే వెళ్ళి నాలుగైదు రోజులకి సరిపడా ఆనప, దోస, వంకాయ, కొబ్బరికాయలు తెచ్చుకోండి. ఇవి అన్నాళ్ళూ నిలుస్తాయి. బీరకాయ మాత్రం రెండు రోజుల్లో వాడేయండి, మెత్తబడుతుంది. ఆనపకాయ లేతదో కాదో తెలుసుకోవడానికి అందరూ గోరు గుచ్చుతారు, గుచ్చిన కాయ ఇంకెవరూ కొనరు, పండించిన మనిషి కడుపు మండుతుంది. గుచ్చకుండా పైన నూగు ఉందో లేదో చూడండి, చేతిలో పట్టుకుంటే సైజుకి మించి బరువుగా ఉండాలి. అయినా గుచ్చాలనిపిస్తే మా ఆయన దుకాణం దగ్గర మాత్రం గుచ్చకండి, పెద్దమనిషి ముందూ వెనకా చూడకుండా అరుస్తాడు.